పొటాషియం ఏడు పాయింట్ ఆరు

“మీ మెషిన్‌కి మతి పోయిందా, మీకు పోయిందా?”

ల్యాబ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చిన కుర్ర డాక్టరు మొదటి మాటే అది. చేతిలో రిపోర్టు కాగితం విసనకర్రలా ఊగుతోంది. మెడలో స్టెతస్కోపు ఒక పక్కకి జారి, ఇదిగో పడతాను అన్నట్టు వేలాడుతోంది.

రక్తంలో లవణాలు కొలిచే ఎలక్ట్రోలైట్స్ మెషిన్ ముందు కూర్చున్న అమ్మాయి వెంటనే తల ఎత్తలేదు. చేతిలో ఉన్న ట్యూబుని స్టాండులో పెట్టింది. గ్లవ్స్ తీసి డబ్బాలో పడేసింది. అప్పుడు చూసింది.

“ఏ పేషెంటండీ?”

“ఆరో నంబర్ బెడ్డు. పొద్దున్నుంచి మూడుసార్లు రక్తం పంపాను. మూడుసార్లూ ‘సాంపిల్ పనికిరాదు, మళ్ళీ పంపండి’ అని తిప్పికొట్టారు. ఆ ముసలావిడ చేతికి సూది గుచ్చడానికి ఇంక చోటు లేదు. నాలుగోసారి వెళ్తే ఆవిడే సూది లాక్కుని నన్ను గుచ్చేట్టుంది!”

మూల బల్ల దగ్గర మైక్రోస్కోపులో తల దూర్చిన ల్యాబ్ ఇన్‌ఛార్జి, అందరూ అక్కా అని పిలిచే పెద్దావిడ, తల తీయకుండానే భుజాలు కదిలించి నవ్వింది.

“ఇలా రండి,” అంది అమ్మాయి. మూడు ట్యూబులు తీసి ట్యూబులైటు వెలుగుకి ఎదురుగా పట్టుకుంది. “పైన తేరిన సీరం ఏ రంగులో ఉండాలి?”

“లేత పసుపు.”

“ఇదేం రంగు?”

డాక్టరు వంగి చూశాడు. ఇంకొంచెం వంగాడు. “ఎరుపు,” అన్నాడు, గొంతు సగానికి తగ్గించి.

“రక్తకణాలు పగిలిపోయాయి. కణం లోపల ఉండాల్సిన పొటాషియం అంతా బయటికొచ్చి పడింది. నేను దీన్ని మెషిన్‌లో పెట్టి, వచ్చిన నంబరు వచ్చినట్టు రాసి పంపాననుకోండి. మీరు హడలిపోయి ఇంజెక్షన్లు మొదలుపెడతారు. ఆవిడకి ఉన్న పొటాషియం కాస్తా పడిపోతుంది. అప్పుడు ఎవరికి మతి పోయిందో ఆవిడ కొడుకులొచ్చి అడుగుతారు.”

అతని మొహంలో రక్తం లేదు. నిజంగానే భయపడ్డాడు. అది చూసి ఆమెకి కోపం తగ్గింది.

“ఎందుకు పగులుతాయి?” అని అడిగాడు.

“సూది సన్నగా ఉండి, సిరంజితో బలంగా లాగితే. లేకపోతే ట్యూబుని గట్టిగా ఊపితే. నెమ్మదిగా తలకిందులు చేస్తే చాలు. మీరు ఊపుతారా?”

“ఊపుతాను.”

“ఎంత గట్టిగా?”

అతను చేతిలో ఉన్న రిపోర్టుని ఊపి చూపించాడు. ఆ ఊపుకి స్టెతస్కోపు నిజంగానే కింద పడింది. అక్క మైక్రోస్కోపు వదిలేసి పకపకా నవ్వింది.

నాలుగో సాంపిల్ అరగంటలో వచ్చింది. లేత పసుపు. పొటాషియం నాలుగు పాయింట్ ఒకటి. ఆమె వార్డుకి ఫోన్ చేసి నంబరు చెప్పింది. అవతలినుంచి, “థాంక్యూ, పొటాషియం గారూ,” అని వినిపించింది.

ఆమె రిసీవరు వంక విస్తుపోయి చూసింది. ఫోన్ అప్పటికే పెట్టేశాడు.

*

ఆ పేరు ఆస్పత్రంతా పాకడానికి వారం కూడా పట్టలేదు. వార్డు సిస్టర్లు కూడా ఫోన్ ఎత్తి “పొటాషియం గారున్నారా?” అనడం మొదలుపెట్టారు. ఆమె కూడా ఊరుకోలేదు. అతనికి “తొందర డాక్టరు” అని పేరు పెట్టింది. ఆ పేరు ఎంత అతికిపోయిందంటే, ఒకరోజు పెద్ద డాక్టరే రౌండ్స్‌లో, “ఏడీ మన తొందర?” అన్నాడట.

“నా పరువు అందరి ముందూ అలా తీయించారు,” అని ఫిర్యాదు చేశాడు ఫోన్‌లో.

“రిపోర్టు కోసం చేశారా, పరువు కోసం చేశారా?”

“రెండూ. ముందు రిపోర్టు చెప్పండి.”

“సోడియం నూట ముప్పై ఏడు, పొటాషియం నాలుగు, క్లోరైడ్ నూట రెండు. పరువు మాత్రం రెఫరెన్స్ రేంజ్ కంటే తక్కువుంది.”

అవతల నవ్వు. ఆ నవ్వు వినడానికే ఇంకో మాట కలిపానని ఆమెకి రిసీవరు పెట్టేశాక అర్థమై ఉలిక్కిపడింది.

మధ్యాహ్నాలు టీ తాగే వేళకి ఏదో ఒక సందేహం పట్టుకుని ల్యాబ్‌కి దిగేవాడు. ఆ సందేహాల్లో సగం తెచ్చిపెట్టుకున్నవని అక్క తేల్చేసింది. ఒకరోజు మాత్రం నిజమైనదే అడిగాడు.

“ఈసీజీ చూడటం వచ్చు. ఏ గీత ఏమిటో చెప్పగలను. కానీ గుండెలో అసలు కరెంటు ఎలా పుడుతుందో పేషెంటు కొడుకు అడిగితే చెప్పలేక నీళ్ళు నమిలాను.”

“మా నాన్న మోటార్లు చుడతాడు,” అంది ఆమె. “పాడైపోయిన ఫ్యాన్లు, పంపులు తెస్తారు. కాలిన తీగ తీసేసి కొత్త తీగ చుట్టి ఇస్తాడు. నేను ఆ తీగల మధ్యే పెరిగాను. మోటారుకి కరెంటు బయటినుంచి రావాలి. గుండెకి అక్కర్లేదు. కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. గోడలో తలుపులు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూసుకొస్తుంది. వెంటనే పొటాషియం బయటికి వెళ్తుంది. ఆ రాకపోకలే కరెంటు. ఒక కణం పక్కదాన్ని తడుతుంది, అది ఇంకోదాన్ని. అలా గుండె మొత్తం ఒక్కసారి ముడుచుకుంటుంది.”

“అందుకే బయట పొటాషియం పెరిగితే…”

“తలుపులు సరిగ్గా మూసుకోవు, తెరుచుకోవు. గుండె తికమకపడి ఆగిపోతుంది.”

అతను టీ తాగడం మరిచిపోయి ఆమె వంకే చూస్తున్నాడు. చూస్తున్నట్టు తనకే తెలిసి, గబుక్కున తాగి నాలుక కాల్చుకున్నాడు.

“తొందర,” అంది ఆమె.

బయట వాన మొదలైంది. కిటికీ అద్దం మీద చినుకులు ఒకదాన్నొకటి తరుముకుంటూ జారుతున్నాయి. ఆ రోజు డ్యూటీ అయ్యాక ఒకే గొడుగులో బస్‌స్టాప్ దాకా నడిచారు. గొడుగు అతనిది. కానీ తడిసింది కూడా అతనే. ఎడమ భుజం మొత్తం బయటే ఉంచుకున్నాడు. బస్సు ఎక్కాక ఆమె వెనక్కి తిరిగి చూస్తే, గొడుగు మూసేసి, ఆ వానలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ట్యూబు ఊపినంత గట్టిగా.

*

అది జరిగిన పది రోజులకి, ఒక మధ్యాహ్నం, ఎమర్జెన్సీ నుంచి ట్యూబు వచ్చింది. లేబుల్ మీద పేరు లేదు. తాత్కాలిక నంబరు, ‘పురుషుడు, సుమారు అరవై’ అని మాత్రం ఉంది. కళ్ళు తిరిగి రోడ్డు మీద పడిపోయినవాళ్ళని ఎవరో దయగలవాళ్ళు తెచ్చి దించినప్పుడు అలాగే వస్తాయి.

ఆమె మెషిన్‌లో పెట్టింది. సోడియం నూట ముప్పై ఆరు. బాగుంది. తర్వాతి నంబరు తెర మీద పడగానే ముందుకి వంగింది.

పొటాషియం ఏడు పాయింట్ ఆరు.

ట్యూబు తీసి వెలుగుకి పట్టుకుంది. ఎరుపు జాడ లేదు. తేటగా, లేత పసుపు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఏడు పాయింట్ ఆరు.

“అక్కా!”

అక్క వచ్చి తెర చూసి, “ఫోన్ చెయ్యి, ముందు ఫోన్ చెయ్యి,” అంది.

ఎమర్జెన్సీ నంబరు బిజీ. మళ్ళీ చేసింది. మూడోసారికి ఎత్తారు. ఆ వారం అక్కడ డ్యూటీ తొందర డాక్టరుదే.

“పొటాషియం గారూ! ఇప్పుడే మిమ్మల్ని…”

“ఇందాక పంపిన సాంపిల్, పేరు లేనిది. ఏడు పాయింట్ ఆరు.”

“ఎంత? ఎర్రగా ఉందా?”

“లేదు. తేటగా ఉంది. రెండుసార్లు చేశాను. ఇది నిజం నంబరు.”

అతను మారు ప్రశ్న వేయలేదు. కాగితం చప్పుడు వినిపించింది. “ఈసీజీ ఇప్పుడే చేతికొచ్చింది… అమ్మో. టీ వేవ్‌లు గుడారాల్లా లేచి ఉన్నాయి. సిస్టర్! కాల్షియం గ్లూకోనేట్! త్వరగా!”

రిసీవరు బల్ల మీద పడేసి పరిగెత్తినట్టున్నాడు. ఫోన్ తెగలేదు. అడుగుల చప్పుడు, ట్రాలీ చక్రాల కీచు, ఎవరో ఇనుప గిన్నె పడేసిన మోత. ఇక పెట్టేయబోతూ ఉండగా, ఆ గోలలోంచి నీరసమైన మగ గొంతు ఒకటి చెవిన పడింది.

“మా అమ్మాయిని పిలవకండి బాబూ… ఇక్కడే ల్యాబ్‌లో పనిచేస్తుంది… డ్యూటీలో ఉంటుంది… కాస్త కళ్ళు తిరిగాయి, అంతే…”

ఆమె కొయ్యబారిపోయింది.

ఆ గొంతు పొద్దున తలుపు దగ్గర నిలబడి, “గొడుగు మరిచిపోకే తల్లీ,” అన్న గొంతు.

“ఏమైందే?” అంది అక్క. ఆమె రిసీవరు అక్క చేతిలో పెట్టి, రెండంతస్తుల మెట్లు ఎలా ఎక్కిందో తనకే తెలియకుండా ఎక్కేసింది.

నాన్న చొక్కా గుండీలు విప్పి ఉన్నాయి. ఛాతీ మీద ఈసీజీ తీగలు. బతుకంతా తీగలతో ఆడుకున్న మనిషి ఇప్పుడు తీగల మధ్య పడుకుని ఉన్నాడు. గోళ్ళ సందుల్లో వార్నిష్ నల్లగా అలాగే ఉంది. తొందర డాక్టరు ఆయన చేతికున్న క్యాన్యులాలోకి సిరంజితో మందు ఎక్కిస్తున్నాడు, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, మానిటరు మీంచి కళ్ళు తీయకుండా.

“ఎవరినీ లోపలికి రానివ్వకండి సిస్టర్,” అంటూ తల తిప్పి, ఆమెని చూసి ఆగిపోయాడు.

“మా నాన్న,” అంది ఆమె.

అతని మొహం పాలిపోయింది. చెయ్యి మాత్రం వణకలేదు. “అటు పక్క నిలబడండి. ఆయన చెయ్యి పట్టుకోండి. మాట్లాడుతూ ఉండండి.”

ఏం మాట్లాడాలి? మానిటరు మీద గీతలు ఉండాల్సినట్టు లేవు. సన్నగా లేచి పడాల్సిన గీత వెడల్పై, బద్ధకంగా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతోంది. గుండె నలభై కొడుతోంది. ముప్పై ఆరు. ముప్పై రెండు. అలాంటి గీతల గురించి ఆమె పుస్తకాల్లో చదివింది. ఆ తర్వాత ఏ గీతా ఉండదని కూడా చదివింది.

“నాన్నా, కళ్ళు తెరువు. నాన్నా, నావంక చూడు.”

“వచ్చేశావా?” అన్నాడాయన కళ్ళు తెరవకుండానే. “వద్దన్నానే…” మాట మధ్యలో ఆగిపోయింది.

“ఇంకో డోసు,” అన్నాడు డాక్టరు. “ఇన్సులిన్, గ్లూకోజు కలిపి రెడీ చేయండి. పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేశారా?”

“వస్తున్నారు డాక్టర్,” అంది సిస్టరు.

రెండో సిరంజి సగం వెళ్ళింది. మానిటరు మీద ఒక పొడవాటి ఖాళీ. ఆమెకి తన గుండె కూడా ఆ ఖాళీలో ఆగినట్టే అనిపించింది. తర్వాత ఒక గీత లేచింది. ఇంకోటి. ఆ తర్వాతది కాస్త సన్నగా. నలభై నాలుగు. యాభై ఎనిమిది. డెబ్భై.

ఆయన కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, “ఇన్ని తీగలెందుకు బాబూ, ఎర్త్ ఇచ్చారా?” అన్నాడు.

సిస్టరు చీర చెంగుతో నోరు మూసుకుంది. అమ్మాయి మాత్రం మంచం పట్టీ పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

*

సాయంత్రానికి పొటాషియం ఐదు పాయింట్ రెండుకి దిగింది. రక్తం అక్కే స్వయంగా పరీక్ష చేసింది. పెద్ద డాక్టరు వచ్చి చూసి, కుర్ర డాక్టరు భుజం తట్టి, “అసలింత ఎందుకు పెరిగిందో కనుక్కో,” అని చెప్పి వెళ్ళిపోయాడు.

అతను స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. “ఏం మందులు వాడుతున్నారండీ?”

“బీపీ మాత్ర ఒక్కటే,” అంది అమ్మాయి, తండ్రికి బదులు తనే.

తండ్రి పైకప్పు వంక చూస్తున్నాడు.

“అంతేనా మెకానిక్ గారూ?”

ఆయన కాసేపు నసిగాడు. “కాళ్ళ వాపులొస్తున్నాయని రెండు నెలల కిందట ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయనొకటి రాశాడు. మోకాళ్ళ నొప్పులకి… అది నేనే కొనుక్కుని వేసుకుంటున్నాను. రోజుకి రెండు. ఒక్కోసారి మూడు.”

అమ్మాయి నివ్వెరపోయింది. “నాకు చెప్పలేదేం?”

“చెబితే నీ మొహం మీ అమ్మ పోయినప్పటిలా అయిపోతుంది. నేనది మళ్ళీ చూడలేను.”

ఆమె తల్లి బీపీతో, మెదడులో నరం చిట్లి, ఒక్క పూటలో పోయింది. అప్పుడు ఈ పిల్ల కాలేజీలో ఉంది. ఆ తర్వాత ఆ ఇంట్లో జబ్బు అనే మాట ఇద్దరూ వాడరు.

డాక్టరు ఆ మందుల పేర్లు రాసుకున్నాడు. “మీ బీపీ మాత్ర, వాపుల మాత్ర, నొప్పుల మాత్ర, మూడూ పొటాషియాన్ని ఒంట్లోంచి పోనివ్వనివే. కిడ్నీలు కూడా అలిసిపోయి ఉన్నాయి. అయినా ఇంతెత్తుకి… తిండిలో ఏమైనా తేడా వచ్చిందా?”

“తిండికేం, బంగారంలా వండుతుంది. ఉప్పే బాగుండట్లేదు.”

“అంటే?”

“ఈ మూడు నెలలుగా మా ఇంటి ఉప్పు అదోలా, చేదుగా ఉంటోందయ్యా. ఎంత వేసినా ఉప్పదనం రాదు. పిల్లని నొప్పించడమెందుకని, అది అటు తిరగ్గానే ఇంకో రెండు చెంచాలు కలుపుకుంటున్నా.”

అమ్మాయి చేతిలో ఉన్న నీళ్ళ గ్లాసు కింద పడింది.

డాక్టరు ఆమె వంక చూశాడు. అడగబోయిన ప్రశ్న అతని పెదాల మీదే ఆగింది. ఆమె మొహంలోనే జవాబు కనిపించింది.

“తక్కువ సోడియం ఉప్పా?” అన్నాడు మెల్లగా.

ఆమె తల ఊపింది. తండ్రికి చెబితే వద్దంటాడని, పాత సీసాలోంచి మామూలు ఉప్పు తీసేసి అది పోసింది. బీపీ పెరగకూడదని. అమ్మలా కాకూడదని. సోడియం తగ్గించి దాని చోట ఏం కలుపుతారో ఆమెకి తెలియదా? రోజుకి రెండొందల ట్యూబుల్లో ఆ పేరే చూస్తుంది. ఆస్పత్రిలో తన పేరే అది.

కారిడార్లోకి పరిగెత్తింది. అతను వెనకే వచ్చాడు.

“మా నాన్నకి నా చేత్తో నేనే విషం పెట్టాను.”

“విషం కాదు, ఉప్పు. ఆ మాత్రలు లేకపోతే, ఆ రెండు చెంచాలు అదనంగా పడకపోతే, దాంతో ఆయనకి మంచే జరిగేది.”

“అయితే తప్పు నాది కాదంటారా?”

“సగం మీది,” అన్నాడు. “సగం ఆయనది.”

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆమె అతని కళ్ళలోకి చూసింది. అతను ఇంకేదో చెప్పబోతున్నాడు. ఇంతలో లోపలినుంచి సిస్టరు పిలిచింది. అతను వెళ్ళిపోయాడు.

*

ఐదో రోజున తండ్రిని ఇంటికి పంపారు. మర్నాడే ఆమె అక్కని అడిగి ఎలక్ట్రోలైట్స్ బల్ల వదిలేసింది. మైక్రోస్కోపు దగ్గర కూర్చుంది. ఫోన్ మోగితే అక్కే ఎత్తేది.

“నీకే,” అనేది అక్క.

“లేనని చెప్పక్కా.”

“లేదట నాయనా,” అని అక్క ఫోన్‌లో అనేది. “పక్కనే కూర్చుని లేదంటోంది.”

ఒకసారి మెట్ల మీద ఎదురుపడ్డాడు. “ఒక్క నిమిషం,” అన్నాడు. ఆమె తల వంచుకుని, పక్కనుంచి, పరిగెత్తినంత పని చేసి దిగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే, అతను మెట్ల మధ్యలో దెబ్బ తిన్నవాడిలా నిలబడి ఉండటం కనిపించేది.

“ఆ అబ్బాయి ఏం పాపం చేశాడే?” అని అక్క నిలదీసింది. “మీ నాన్నని బతికించడమా?”

ఆమె ఇంకో స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

మూడు వారాలు గడిచాయి. ఒక సెలవు రోజు పొద్దున తండ్రికి మజ్జిగ… అని నోట్లో అనుకుని, అందులోనూ పొటాషియమేనని నాలుక కరుచుకుని, డాక్టర్లు రాసిచ్చిన చీటీ ప్రకారం వండిన డబ్బా పట్టుకుని ఆయన మోటార్ల షాపుకి బయల్దేరింది. సన్నగా జల్లు పడుతోంది. షాపు ముందు చెప్పులు విప్పుతూ లోపలి మాటలు విని గుమ్మంలోనే ఆగింది.

“ఇది మూడో ఫ్యాన్ డాక్టరుగారూ,” అంటున్నాడు తండ్రి. “మొన్న సోమవారం ఒకటి, గురువారం ఒకటి. మీ ఇంట్లో మొత్తం ఎన్ని ఫ్యాన్లున్నాయి?”

“ఇది… పక్కింటివాళ్ళది.”

“ఏమైంది దీనికి?”

“తిరగట్లేదండి. తీగ తెగినట్టుంది. ఎలుక కొరికిందేమో.”

టేబుల్ ఫ్యాన్ అడుగు విప్పి ఉంది. తండ్రి కళ్ళజోడు సర్దుకుని, తీగ కొసని వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

“నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను బాబూ. ఎలుక కొరికితే కొస నలుగుతుంది. కాలి తెగితే నల్లబడుతుంది. ఇది నున్నగా ఉంది. ఇది తెగిన తీగ కాదు, కోసిన తీగ. కత్తెరతో. అదీ ఇవాళ పొద్దున.”

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

“మా అమ్మాయి కోసం వచ్చారా?” అన్నాడు తండ్రి, స్క్రూడ్రైవర్ కింద పెట్టి.

“అవునండి.”

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి చేతిలో డబ్బా జారబోయి ఆగింది. ఇద్దరూ ఒకేసారి తిరిగి చూశారు. తడిసిన చెప్పుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

అతను లేచి నిలబడ్డాడు. “పొటాషియం గారూ… కాదు… సారీ. ఆ రోజు కారిడార్లో నేను మాట పూర్తి చేయలేదు. సగం మీది అన్నాను. మీరు అంత బాధలో ఉంటే అలా అనకూడదని మూడు వారాలుగా నిద్ర పట్టట్లేదు. ఫోన్ ఎత్తరు. మెట్ల మీద ఆగరు. ఏం చేయాలో తెలియక ఫ్యాన్లు కోస్తున్నాను. మీకు నామీద అసహ్యం కలిగితే చెప్పేయండి. నేనింక…”

“అసహ్యమా?” ఆమె లోపలికి వచ్చింది. “మీమీద నాకు అసహ్యమా? ఎవరైనా ‘నీ తప్పేం లేదులే’ అనేస్తారు. అక్క అంది. సిస్టర్లన్నారు. నాన్న ఇప్పటికీ అంటాడు. మీరొక్కరే నిజం చెప్పారు. ఆ నిజం తెలిసిన మనిషి మొహం చూడటానికి నాకు సిగ్గేసింది. నేనంటే మీకు ఏవగింపు కలిగి ఉంటుందనుకున్నాను.”

“నాకా?” అతను నోరు తెరిచాడు. “ఆ రోజు ఆ నంబరు ఇంకెవరు చెప్పినా నేను సాంపిల్ మళ్ళీ పంపిస్తాననేవాణ్ణి. పావుగంట పోయేది. ఆయనకి పావుగంట లేదు. మీరు చెప్పారు కాబట్టి నమ్మాను. మిగతా సగం మాట అదే. మీ నాన్నని బతికించింది నా సిరంజి ఒక్కటే కాదు.”

ఆమె కళ్ళు నిండాయి. చేతిలో డబ్బాని బల్ల మీద, విప్పిన ఫ్యాన్ పక్కన పెట్టింది. తండ్రి వంక ఒకసారి చూసింది. మళ్ళీ అతని వంక తిరిగింది.

“నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

తండ్రి చేతిలోంచి మరమేకు నేల మీద పడి, టంగుమని దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది.

అతను బిగుసుకుపోయాడు. ఆ ప్రశ్న తను అడగాలని సోమవారం నుంచి మాటలు కూడగట్టుకుంటున్నాడు. మొదటి ఫ్యాన్‌తో అడగలేకపోయాడు, రెండో ఫ్యాన్‌తో నోరు పెగల్లేదు. ఇప్పుడు ఎదుటి మనిషే అడిగేసరికి ఉన్న ఆ నాలుగు మాటలూ ఎగిరిపోయాయి.

“ఏమిటే ఇది?” అన్నాడు తండ్రి తేరుకుని. “నాతో ఒక్క మాట అనకుండా, నా ఎదురుగానే…”

“నీ ఎదురుగానే కదా నాన్నా. నీకు తెలియకుండా ఇంక ఏ పనీ చేయనని ఒట్టు పెట్టుకున్నాను. నువ్వు వద్దంటే ఇప్పుడే చెప్పు.”

తండ్రి కూతుర్ని చూశాడు. అతన్ని చూశాడు. ఆ కుర్రాడి భుజాల మీద చినుకులింకా ఆరలేదు. మూడు ఫ్యాన్లూ వానల్లోనే మోసుకొచ్చాడు.

“వద్దనడానికి నాకు నోరెక్కడిది? ఆ రోజు కళ్ళు తెరవగానే నాకు ముందు కనిపించింది ఇతనే. సిరంజి పట్టుకుని నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు. నా కోసం అంత భయపడినవాడు, నీకోసం ఇంకెంత భయపడతాడో అనుకున్నాను అప్పుడే.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “ముందు ఇతనికి ఏమైందో చూడవే. ఉలుకూ పలుకూ లేదు. మొహం తెల్లగా పాలిపోయింది. నాడి చూడు.”

ఆమె దగ్గరికి వెళ్ళి అతని మణికట్టు పట్టుకుంది. గోడ గడియారం వంక చూస్తూ లెక్కపెట్టింది. పెదాల మీద నవ్వు ఆగట్లేదు.

“నూట ముప్పై రెండు. ఇది నార్మల్ కాదు.”

“ఇవాళ్టికి అదే నార్మల్,” అని తండ్రి లేచి, గొడుగు అందుకున్నాడు. “నేను ముగ్గురికీ టీ చెప్పొస్తాను. డాక్టరుగారూ, ఆ తీగ కొసలు ముట్టుకోకండి.”

ఆయన వానలోకి దిగాక షాపులో చినుకుల చప్పుడొక్కటే మిగిలింది. ఆమె వేళ్ళు ఇంకా అతని మణికట్టు మీదే ఉన్నాయి.

“జవాబు చెప్పలేదు మీరు,” అంది. “చెప్పకపోతే చెయ్యి వదిలేస్తాను.”

అతను రెండో చేతిని ఆమె చేతి మీద వేశాడు.

“వదలకు,” అన్నాడు.